మంత్రి వీపు చూసిన రోజు

మా అమ్మాయీ అల్లుడూ లండన్‌లో వెంబ్లీ దగ్గర ఉంటారు. బెజవాడ ఎండలు తప్పించుకుందామని ఏప్రిల్ చివర్లో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళాం. చూపించాల్సినవన్నీ మొదటి రెండు వారాల్లోనే చూపించేశారు. మూడో వారం ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ, "ఇక్కడ పార్లమెంటు కమిటీ ఒకటి చూడాలని ఉందమ్మా" అన్నాను.

అల్లుడు వెంటనే ఫోన్ తీశాడు. "టూర్ టికెట్లు ఉన్నాయి మామయ్యగారూ, శనివారం వెళ్దాం."

టూర్ కాదు నాయనా, కమిటీ. మంత్రిని ఎదురుగా కూర్చోబెట్టి ఎంపీలు ప్రశ్నలడుగుతారే, అది.

మా ఆవిడ వంటింట్లోంచే అందుకుంది. "ముప్పై నాలుగేళ్ళు ఆ కమిటీలంటూ అర్ధరాత్రిళ్ళు ఇంటికొచ్చింది చాల్లేదూ? రిటైరయ్యాక కూడా వెతుక్కుంటూ వెళ్ళాలా?"

"టికెట్ ఏమీ లేదట, ఉచితమే" అన్నాను. ఆవిడ అడిగిందానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. జవాబు కాని జవాబు రాయడమే నేను ఇన్నేళ్ళూ చేసిన ఉద్యోగం.

కేంద్ర సచివాలయంలో అసిస్టెంటుగా చేరి, సెక్షన్ ఆఫీసరునై, అండర్ సెక్రటరీగా రిటైరయ్యాను. ఏ మంత్రిత్వ శాఖో చెప్పను. చెప్పినా పెద్ద తేడా ఉండదు, అన్ని శాఖల్లోనూ ఇదే వంట. పార్లమెంటు స్థాయీ సంఘాల పేరు మీరు పేపర్లో చూస్తూనే ఉంటారు. 1993లో పీవీ ప్రధానిగా ఉండగా 17 పెట్టారు, 2004లో వాటిని 24 చేశారు. ఒక్కోదాంట్లో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. శాఖ పద్దులు, బిల్లులు, వార్షిక నివేదికలు వాళ్ళ ముందుకు వెళ్తాయి. ముందుగా మాకు ప్రశ్నావళి వస్తుంది. ముప్పై, నలభై ప్రశ్నలు. గడువు పది రోజులని రాసి ఉంటుంది గానీ, ఆ కాగితం పైనుంచి దిగి దిగి నా టేబుల్ మీదికి వచ్చేసరికి ఐదారు రోజులు మిగిలేవి. ఇంగ్లీషులో జవాబులు రాయాలి, హిందీ అనువాదం జతచేయాలి, సెట్లు సెట్లుగా జిరాక్స్ తీసి పంపాలి. కింద జాయింట్ సెక్రటరీ సంతకం.

జవాబులు రాయడంలో ఒక పనితనం ఉంది. అడిగిన అంకె మనకి అనుకూలంగా లేకపోతే దాన్ని జవాబులో పెట్టకూడదు, అనుబంధంలో పెట్టాలి. అది కూడా అనుబంధం 1లో కాదు, దాన్ని అందరూ తిరగేస్తారు. 3లో పెట్టాలి. అబద్ధం చెప్పినట్టు కాదు, దాచినట్టూ కాదు. మా మొదటి సెక్షన్ ఆఫీసరు, ఒక బెంగాలీ పెద్దాయన, నాకు ఇది నేర్పించాడు. నేను నా తర్వాతివాళ్ళకి నేర్పించాను.

ఇలాంటిదే ఇంకో విద్య, హామీ పుట్టకుండా జవాబు రాయడం. సభలో మంత్రి "ఈ విషయం పరిశీలనలో ఉంది" అన్నాడనుకోండి, అది మామూలు మాట కాదు. అది హామీ కింద లెక్క. ఏయే మాటలు హామీ కిందికి వస్తాయో జాబితా కూడా ఉంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని అడగాలి, లేదా దీన్ని హామీగా చూడొద్దని బతిమాలాలి. దీని కోసం హామీల కమిటీ అని విడిగా ఒకటి ఉంది. లోక్‌సభలో 1953 నుంచీ ఉంది. కాబట్టి మంత్రిగారి నోట ఆ మాటలు రాకుండా ముందే డ్రాఫ్టులో కత్తిరించేవాళ్ళం. మాట ఇచ్చేది మంత్రి. మాట నిలబెట్టుకోలేదేమని కమిటీ పిలిచి అడిగేది మమ్మల్ని.

ఒక విచారణ మాత్రం నాకు బాగా గుర్తు. పార్లమెంట్ హౌస్ అనెక్స్‌లో కమిటీ గది. మా పేర్లు, కార్ల నంబర్లు ముందే పంపాం. పదకొండింటికి మీటింగంటే పదింపావుకే బయట వరండాలో నిలబడ్డాం. లోపల సభ్యులు తమలో తాము మాట్లాడుకున్నాక మమ్మల్ని పిలుస్తారు. గుర్రపునాడాలాంటి బల్ల. నడుమ ఛైర్మన్, ఎదురుగా మా సెక్రటరీ గారు, ఆయనకి రెండు పక్కలా జాయింట్ సెక్రటరీలు. వెనక వరసలో, ఒళ్ళో ఫైళ్ళతో, మాలాంటివాళ్ళం. నా ఒళ్ళో ఉన్న ఫైలుకి ఎ నుంచి కె దాకా ఫ్లాగులు, అంటే పేజీ గుర్తుకి పెట్టే చీటీలు, పెట్టాను.

ఛైర్మన్ ఒక నిర్ణయం గురించి అడిగారు. ఇంత డబ్బు పోతుందని తెలిసీ ఎందుకు చేశారు, ఎవరు చేశారు అని. సెక్రటరీ గారు గొంతు సవరించుకుని "కాంపిటెంట్ అథారిటీ ఆమోదంతోనే జరిగిందండీ" అన్నారు, అంటే ఆ అధికారం ఉన్నవారి ఆమోదంతో అని. ఒక సభ్యుడు నవ్వుతూ, "ఆ కాంపిటెంట్ అథారిటీకి తల్లిదండ్రులు పెట్టిన పేరేమైనా ఉందా?" అన్నాడు. గదంతా నవ్వింది. సెక్రటరీ గారూ నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. సి ఫ్లాగు నా చూపుడువేలి కిందే ఉంది. ఆ పేజీలో సెక్రటరీ గారు తన చేత్తోనే ఇది వద్దని రాశారు. దాని కింద రెండు వాక్యాల్లో, చేయాల్సిందేనని ఇంకొకరు రాశారు. ఆ ఇంకొకరి పేరు ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. వద్దన్న మనిషి గంటన్నర సేపు ఆ నిర్ణయాన్ని వెనకేసుకొచ్చారు. ఒకచోట అంకె కోసం తడబడితే నేను చిట్టీ రాశాను. అది నా చేతి నుంచి డైరెక్టరు గారికి, ఆయన నుంచి జాయింట్ సెక్రటరీ గారికి, అక్కడి నుంచి సెక్రటరీ గారికి వెళ్ళేసరికి ప్రశ్న మారిపోయింది. బయటికొచ్చాక లిఫ్ట్ దగ్గర ఆయన నాతో అన్న మాట ఒకటే. "సమోసా బాగుంది, తిన్నారా?"

మంత్రిని ఎందుకు పిలవరని నేను కొత్తలో అడిగేవాణ్ణి. ఆర్థిక కమిటీలు, అంటే ప్రజా పద్దుల కమిటీ (పీఏసీ), అంచనాల కమిటీ లాంటివి, మంత్రిని సాక్ష్యానికి పిలవకూడదని స్పీకర్ ఆదేశాల్లోనే ఉంది. స్థాయీ సంఘాల్లోనూ వచ్చేది అధికారులే. మంత్రి సభకి జవాబుదారీ, సభలోనే అడగండి అన్నది దాని వెనకున్న వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ సభలో ఒక ప్రశ్న మీద రెండు మూడు అనుబంధ ప్రశ్నలు పడేసరికి గొడవ మొదలవుతుంది, లేదా ప్రశ్నోత్తరాల గంట అయిపోతుంది. ఒకే ప్రశ్నని ఆరుసార్లు తిప్పితిప్పి అడిగే తీరిక ఉన్నది కమిటీ గదికి. ఆ గదిలో మంత్రి ఉండడు.

మినహాయింపులు లేకపోలేదు. 1992లో సెక్యూరిటీల కుంభకోణం మీద వేసిన సంయుక్త పార్లమెంటరీ కమిటీ (జేపీసీ), స్పీకర్ అనుమతి తీసుకుని ఆర్థిక, ఆరోగ్య శాఖల మంత్రుల నుంచి సమాచారం రాబట్టింది. తమాషా ఏమిటంటే, మేమే వస్తాం మొర్రో అన్నవాళ్ళూ ఉన్నారు. 2010 డిసెంబరులో 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల గొడవ జరుగుతున్నప్పుడు ప్రధాని మన్మోహన్ సింగ్, పీఏసీ ఛైర్మన్ మురళీ మనోహర్ జోషికి ఉత్తరం రాశారు, మీ ముందు హాజరవడానికి నాకు అభ్యంతరం లేదని. ఆయన్ని పిలవలేదు. తర్వాత అదే వ్యవహారం మీద వేసిన జేపీసీకి మాజీ మంత్రి ఎ. రాజా నన్ను పిలవండి, చెప్పుకుంటానని అడిగాడు. రాతపూర్వకంగా ఇవ్వమన్నారు తప్ప కుర్చీ వేయలేదు. ఆయన చెప్పేది నిజమో కాదో పక్కన పెట్టండి. అడిగి చూస్తే కదా తెలిసేది.

ఈ ముల్లు ఏళ్ళ తరబడి గుచ్చుతూనే ఉంది. అందుకే లండన్‌లో ఆ కోరిక.

అమ్మాయి పార్లమెంటు వెబ్‌సైట్లో ఆ వారం ఏ కమిటీ ముందుకి ఎవరు వస్తున్నారో చూసిపెట్టింది. సాక్షుల పేర్లు, టైము, గది, అన్నీ ఉన్నాయి. ఒక శాఖ సహాయ మంత్రి వచ్చే రోజు చూసుకుని బయల్దేరాను. వెంబ్లీ పార్కులో జూబ్లీ లైన్ ఎక్కితే వెస్ట్‌మినిస్టర్‌లోనే దిగడం. స్టేషన్ నెత్తి మీదే పోర్ట్‌కలిస్ హౌస్, 2001లో తెరిచిన కొత్త భవనం. ఎయిర్‌పోర్టులోలాగా బ్యాగులు స్కాన్ చేశారు. "ఎందుకొచ్చారు?" అని అడిగాడు సెక్యూరిటీ అతను. కమిటీ చూడ్డానికన్నాను. "మొదటి అంతస్తు" అని మెళ్ళో ఒక పాస్ వేశాడు. అంతే. సిఫారసు ఉత్తరం లేదు, నీ పేరేంటి నీ ఊరేంటి లేదు. ఢిల్లీలో సాక్ష్యాలు జరిగే గదిలోకి బయటి మనిషి కాదు కదా, విలేఖరి కూడా అడుగు పెట్టలేడు. లోపల హాల్లో అద్దాల కప్పు కింద పెద్ద పెద్ద చెట్లు. వాటిని అద్దెకి తెచ్చి పెట్టుకున్నారని, ఆ అద్దె మీద కూడా అప్పట్లో పేపర్లలో గొడవ అయిందని అమ్మాయి ముందే చెప్పింది. చెట్ల అద్దెని కూడా లెక్క అడిగే ఊరన్నమాట అనుకున్నాను.

గదిలోకి వెళ్ళగానే మొదట నిరాశ. ఇక్కడా గుర్రపునాడా బల్లే. సభ్యులు చుట్టూ, సాక్షి ఎదురుగా, సాక్షి వెనక అధికారులు, వాళ్ళ వెనక మేం. అంటే మాకు కనిపించేది మంత్రి మొహం కాదు, వీపు. మొహం కెమెరాలకి కనిపిస్తుంది, టీవీలో ప్రత్యక్షంగా వస్తుంది. ఇంత దూరం వచ్చి వీపు చూడ్డమేమిటని అనుకున్నాను గానీ, కాసేపట్లో ఈ చోటే నయమనిపించింది. మంత్రి నలభై ఏళ్ళ లోపు మనిషి. నడుము పైభాగం నిటారుగా, నిమ్మళంగా ఉంది. కుర్చీ కింద కుడికాలి మడమ మాత్రం కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆగకుండా ఆడుతోంది. టీవీ చూసేవాళ్ళకి ఇది తెలియదు.

ఛైర్‌పర్సన్ "ఆర్డర్, ఆర్డర్" అని మొదలుపెట్టింది. నా పక్కన ల్యాప్‌టాప్‌తో కూర్చున్న కుర్రాడు, ఏదో స్వచ్ఛంద సంస్థ మనిషిట, ఆవిడది మంత్రి పార్టీయేనని గుసగుసగా చెప్పాడు. ఆ సంగతి ఆవిడ ప్రశ్నల్లో ఎక్కడా కనిపించలేదు. తర్వాత చదివితే తెలిసింది: 1979లో శాఖలవారీగా ఈ కమిటీలు పెట్టారు, 2010 నుంచి వాటిలో చాలావాటి అధ్యక్షుల్ని సభ మొత్తం రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటోంది. మన స్థాయీ సంఘాల అధ్యక్షుల్ని స్పీకరూ రాజ్యసభ ఛైర్మనూ నియమిస్తారు.

విషయం ఏ దేశంలోనైనా ఉండేదే. ఒక పథకానికి జనం దరఖాస్తులు పెట్టుకున్నారు, జవాబులు రావడం లేదు. ఛైర్‌పర్సన్ అడిగింది: "ఆరు నెలలు దాటినవి ఎన్ని ఉన్నాయి?"

కొత్తగా సిబ్బందిని తీసుకున్నామని మంత్రి మొదలుపెట్టాడు. ఎంతమందిని, ఏ ఊళ్ళో, ఏ శిక్షణతో, అన్నీ చెప్పాడు. నాకు లోలోపల ముచ్చటేసింది. ఈ డ్రాఫ్టు ఎవరు రాశారోగానీ చెయ్యి తిరిగినవాళ్ళే.

"సంతోషం. ఆరు నెలలు దాటినవి ఎన్ని?"

సగటున పట్టే సమయం తగ్గుతోందన్నాడు.

"నేను సగటు అడగలేదు."

గది నిశ్శబ్దమైపోయింది. మడమ ఆగింది. ముందు వరసలో, సరిగ్గా మంత్రి వెనక కూర్చున్న అమ్మాయి, ఒళ్ళో రంగురంగుల ట్యాబులున్న ఫోల్డరు గబగబా తిరగేసి, చిన్న పసుపు కాగితం మీద ఏదో రాసి, మడిచి, వంగి నేరుగా మంత్రి మోచేతి పక్కన పెట్టింది. ఒక్క చెయ్యి. మధ్యలో డైరెక్టరు లేడు, జాయింట్ సెక్రటరీ లేడు. మంత్రి దాన్ని విప్పి చూసి, మళ్ళీ మడిచాడు. "ఆ అంకె ఇప్పుడు నా దగ్గర లేదు. కమిటీకి రాసి పంపుతాను" అన్నాడు.

నేను పైకే నవ్వాను. పక్క కుర్రాడు నావైపు చూశాడు. ఏం చెప్పను అతనికి? ఆ వాక్యం నాది. "వివరాలు రాతపూర్వకంగా సమర్పిస్తాం." ఎన్నిసార్లు సెక్రటరీల చేత చెప్పించానో లెక్కలేదు. ప్రశ్న చల్లారడానికి దానంత మంచి మందు లేదు.

కానీ ఆవిడ వదల్లేదు. "ఎప్పటిలోగా?"

"వీలైనంత త్వరగా."

"తేదీ చెప్పండి."

"రెండు వారాల్లో."

ఆవిడ కాగితం మీద రాసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్ళింది. ఇంతే జరిగింది. అరుపులు లేవు, బల్ల గుద్దడం లేదు. ముప్పై నాలుగేళ్ళలో నేను ఎప్పుడూ చూడంది, మంత్రి అనే మనిషి తన నోటితో, తన గొంతుతో "నా దగ్గర లేదు" అనడం. దానికి సాక్షిగా ఎవరో ముక్కూమొహం తెలియని బెజవాడ ముసలాయన వెనక కూర్చుని ఉండటం.

ఇంతలో గంట మోగింది. సభలో ఓటింగట. పదిహేను నిమిషాలు వాయిదా అన్నారు. అడిగినవాళ్ళూ జవాబు చెప్పినవాడూ కలిసి నవ్వుకుంటూ ఓటేయడానికి వెళ్ళిపోయారు. అధికారులూ మేమూ మిగిలాం. చిట్టీ రాసిన అమ్మాయి గ్లాసుడు నీళ్ళు తాగి కళ్ళు మూసుకుంది. లేచి వెళ్ళి, "అమ్మాయ్, నేనూ మీ కుర్చీలో కూర్చున్నవాణ్ణే" అందామనుకున్నాను. ఎందుకులే అని ఊరుకున్నాను.

అక్కడంతా బంగారమేమీ కాదు. రెండో భాగంలో ఒక సభ్యుడు కెమెరా వైపు ఒక కన్నేసి మూడు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాడు, చివర ప్రశ్నే లేదు. ఢిల్లీలో తలుపులు మూసిన గదిలో ఆ బెడద తక్కువ. పాలక పక్షం సభ్యుడూ ప్రతిపక్షం సభ్యుడూ ఒకే ప్రశ్నని ఒకరి తర్వాత ఒకరు పట్టుకుని మమ్మల్ని వాయించిన రోజులున్నాయి. అదే మనుషులు మధ్యాహ్నం సభలో ఒకరి మీద ఒకరు కేకలేసుకునేవాళ్ళు. కాబట్టి తలుపులు తెరిచి కెమెరాలు పెడితే సరిపోతుందని నేననను. కుర్చీలో ఎవరు కూర్చోవాలన్నదే నా పేచీ.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. బ్రిటన్ కమిటీలు కూడా మంత్రిని రమ్మని ఆజ్ఞాపించలేవు. ఎంపీలనీ ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) సభ్యులనీ పిలిపించే అధికారం వాటికి సొంతంగా లేదు. ఆహ్వానిస్తారు, అంతే. రాకపోతే పరువు పోతుంది కాబట్టి వస్తారు. 2002లో టోనీ బ్లెయిర్ మొదలుపెట్టినప్పటి నుంచి ప్రధాని కూడా కమిటీల అధ్యక్షులందరి ముందూ కూర్చుంటున్నాడు. కాగితం మీద బలవంతం అక్కడా లేదు, ఇక్కడా లేదు. అక్కడి ఆనవాయితీ రమ్మంటుంది, ఇక్కడి ఆదేశాలూ ఆనవాయితీ వద్దంటాయి.

వచ్చి కూర్చుంటే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ మా అల్లుడికి బాగా గుర్తుంది, అప్పుడతను అక్కడే ఉన్నాడు. 2018లో విండ్‌రష్ గొడవ. దశాబ్దాల కిందట కరీబియన్ దీవుల నుంచి చట్టబద్ధంగా వచ్చి స్థిరపడ్డవాళ్ళని, కాగితాలు లేవని అక్రమ వలసదారుల్లా చూశారు. ఏప్రిల్ 25న హోం మంత్రి అంబర్ రడ్, ఇవెట్ కూపర్ అధ్యక్షురాలిగా ఉన్న కమిటీ ముందుకి వచ్చింది. ఇంతమందిని పంపించేయాలని లక్ష్యాలేమైనా పెట్టుకున్నారా అని అడిగారు. మేం అలా పనిచెయ్యం అంది. అదే రోజు అదే కమిటీకి, లక్ష్యాలు ఉన్నాయని ఉద్యోగుల సంఘం నాయకురాలు చెప్పింది. మర్నాడు సభలో మంత్రి ఒప్పుకోవాల్సి వచ్చింది, స్థానికంగా ఉన్నాయని. తర్వాత ఆ లక్ష్యాల ప్రస్తావన ఉన్న పాత మెమో ఒకటి బయటపడింది. 29న రాజీనామా. కమిటీని తెలియక తప్పుదోవ పట్టించానని రాజీనామా లేఖలోనే రాసింది.

నాలుగు రోజుల్లో మంత్రి పదవి పోయింది. అదే ప్రశ్నకి మా సెక్రటరీ గారు జవాబిచ్చి ఉంటే? ఆయనకి బదిలీ అయ్యేది.

సాయంత్రం ఇంటికెళ్ళాక మా ఆవిడ, "ఏం చూశారు?" అంది. మంత్రి వీపు చూశానన్నాను. "బాగానే ఉంది సంబడం" అని పప్పు వడ్డించింది.

బెజవాడ తిరిగొచ్చాక ఆ ఉత్తరం సంగతి నాకు తట్టింది. ఆ కమిటీ పేజీలో మంత్రులతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలన్నీ పెడతారు. ఆ రోజు ప్రశ్నలూ జవాబులూ కూడా నంబర్లు వేసి పొల్లుపోకుండా ఉన్నాయి, "నేను సగటు అడగలేదు"తో సహా. ఉత్తరం రెండు పేజీలు. చెప్పిన గడువుకి రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని ఫోన్లోనే చదివాను. మొదటి పేరా కృతజ్ఞతలు. రెండో పేరా కొత్త సిబ్బంది, శిక్షణ, కృషి. మూడో పేరాలో, నాలుగో వాక్యంలో, రెండు కామాల మధ్య ఆ అంకె. పసుపు కాగితం అమ్మాయి పనే అయ్యుంటుంది. పర్వాలేదు, బాగానే రాసింది గానీ ఇంకా చిన్నపిల్ల. నేనైతే దాన్ని అనుబంధం 3లో పెట్టేవాణ్ణి.

అలవాటు కొద్దీ చివరి పేజీకి వెళ్ళి కింద ఎవరి సంతకమో చూశాను. మంత్రిదే.